సన్నగా ఉన్నవారందరు మితాహారులేనా?

విందులో కాస్త లావుగా ఉన్న అక్కగారు రెండవసారి అన్నము పెట్టించుకొంటే మన చూపులు ఆమె విస్తరి మీదికి పోతాయి. "నోరు కట్టుకోలేదు" అనుకొంటాము. ఆ ప్రక్కనే మూడవసారి పెట్టించుకొంటున్న రివటవంటి తమ్ముడిని ఎవరును చూడరు. తిండిపోతుతనము తప్పే. అయితే ఆ తప్పును నడుము కొలతను బట్టి నిర్ణయించవచ్చునా?

కెనడాలోని క్విబెక్‌లో క్లాడ్ బుషార్ అను శాస్త్రజ్ఞుడును ఆయన తోటివారును ఒక ప్రయోగము చేసి 1990లో ప్రకటించారు. ఒకే పోలికగల కవలలు 12 జతలు, అందరు యువకులే. వారి అవసరానికి మించి రోజుకు 1000 క్యాలరీల చొప్పున 84 రోజులు పెట్టారు. అదనముగా పెట్టినది అందరికి సమానమే. అయినను ఒకరు 4.3 కిలోలు పెరిగితే మరొకరు 13.3 కిలోలు పెరిగారు! ఒకే జతలోని ఇద్దరు మాత్రము చాలవరకు ఒకే తీరుగా పెరిగారు. "గాలి పీల్చినా ఒళ్లు వస్తుందండీ" అనేవారిని చూచి మనము నవ్వుతాము గాని, ఆ మాటలో కొంత నిజమున్నది.

తగ్గుట ఇంకా కష్టము. అమెరికాలో బరువు తగ్గే టీవీ పోటీలో పాల్గొన్న 14 మందిని కెవిన్ హాల్ బృందము ఆరేళ్ల తరువాత పరీక్షించి 2016లో ఫలితాలు తెలిపింది. సగటున 58 కిలోలు తగ్గినవారు 41 కిలోలు తిరిగి పెరిగారు. విశ్రాంతిగా ఉన్నప్పుడు వారి దేహము ఖర్చుచేసే శక్తి, ఉండవలసిన దానికంటె రోజుకు దాదాపు 500 క్యాలరీలు తక్కువగానే ఉండిపోయింది. కొవ్వు తగ్గితే లెప్టిన్ అను హార్మోను తగ్గి ఆకలి హెచ్చుతుంది. దేహము దానిని కరువు అనుకొంటుంది కాబోలు.

సన్నదనము కూడ నమ్మదగిన సాక్షి కాదు. పూణెలోని డాక్టరు యాజ్ఞిక్, లండన్ డాక్టరు యుడ్కిన్ ఎత్తుకు తగిన బరువు లెక్కలో ఇద్దరు సరిసమానులే. కాని యాజ్ఞిక్ దేహములో కొవ్వు 21.2 శాతము, యుడ్కిన్‌కు 9.1 మాత్రమే. 2004లో వారే తమ ఫొటోతో సహా ప్రచురించారు. మనవారిలో సన్నగా ఉండియు షుగరు మాత్రలు మ్రింగేవారు ఎందరో.

మరి ఎవరికిని బాధ్యత లేదా? అని అడుగవచ్చు. "మా ఇంటి ఒళ్లే ఇంత" అంటూ మిఠాయి డబ్బా ఖాళీ చేయుట మాకు సమ్మతము కాదు. ఎంత తినాలి, ఎంత నడవాలి అన్నది చాలామట్టుకు మన చేతిలోనిదే. దానికి ఎన్ని కిలోలు తగ్గుతామన్నది అంతగా మన చేతిలో లేదు. మనిషిని అడుగవలసినది మొదటిదానిని గూర్చి. కాటా చూపేది రెండవదానిని. ఆ మొదటిది కూడ అందరికి సమానము కాదు, ఆకలి అందరికి ఒక్కటి కాదు గనుక.

కష్టపడి పది కిలోలు తగ్గి, ఆరు తిరిగి పెరిగిన మనిషి మన గడప ఎక్కితే "మళ్లీ ఒళ్లు చేశారే" అను పలకరింపు మానుదాము. మంచినీళ్లిచ్చి పిల్లల చదువుల సంగతి అడుగుదాము.