ఆవరణలో నిలిచిన స్త్రీ

వాక్యభాగము: 2 కొరింథీయులకు 2:5–8



తప్పు చేసిన ఒకనికి సంఘము వేసిన శిక్ష ఇక చాలునని, అతనిని క్షమించి ఆదరించమని, లేనియెడల అతడు దుఃఖములో మునిగిపోతాడని పౌలు భక్తుడు కొరింథీ సంఘమునకు వ్రాశాడు. శిక్ష వేయడము మనకు వచ్చు. తరువాతి పని దగ్గరే తడబడతాము. ఈ వాక్యమును నాకు బాగా తెలియజేసినది ఒక రష్యా నవల అంటే మీరు ఆశ్చర్యపోవచ్చు.

1981లో ఉపాధ్యాయ శిక్షణ చదివే రోజులలో కడంబత్తూరులో బండి ఎక్కి మద్రాసు సెంట్రల్‌లో దిగి, ప్రక్కనే ఉన్న మూర్ మార్కెట్టులో పాత పుస్తకాలు వెదకడము నాకు అలవాటు. ఆ మార్కెట్టు 1985లో కాలిపోయింది. దొస్తొయేవ్‌స్కీ వ్రాసిన “నేరము – శిక్ష” అట్ట ఊడిన ప్రతి నాకు దొరికినది అక్కడే. మా నాన్నగారు చూచి, “బైబిలు పట్టే చేతితో హంతకుని కథ ఎందుకురా?” అన్నారు. బైబిలులో హంతకుల కథలు ఎన్ని ఉన్నాయో ఆయనకు తెలియనిది కాదు.

1866లో వచ్చిన ఆ నవలలో రాస్కొల్నికోవ్ అనే పేద విద్యార్థి, తాకట్టు వ్యాపారము చేసే ముసలామెను గొడ్డలితో చంపుతాడు. అనుకోకుండా లోపలికి వచ్చిన ఆమె చెల్లెలు లిజవేతాను కూడా చంపుతాడు. సోనియా అనే అమ్మాయి సవతి తల్లి పిల్లల ఆకలి కొరకు వీధిలో తన్ను తాను అమ్ముకుంటూ ఉంటుంది. మన సంఘాలలో వెనుక బెంచీ కూడా దొరకని మనిషి. అతడు ఆమె చేత లాజరు కథ చదివించుకుంటాడు. ఆమె చేతిలోని క్రొత్త నిబంధన ఎవరు తెచ్చి ఇచ్చినదో తెలుసా? అతడు చంపిన లిజవేతాయే.

కూడలిలో మోకరించి, నేలను ముద్దు పెట్టుకొని, నేను హంతకుడనని అందరి యెదుట చెప్పమంటుంది సోనియా. అతడు వెళ్లి మోకరిస్తాడు. జనము నవ్వుతారు. మాట నోట్లోనే ఆగిపోతుంది. పోలీసు కచేరి మెట్లు ఎక్కుతాడు, అక్కడా చెప్పలేక దిగి వచ్చేస్తాడు. ఆవరణలో, గేటు దగ్గర, రక్తము లేని ముఖముతో సోనియా నిలబడి ఉంటుంది. ఆమెను చూచి అతడు వెనుకకు తిరిగి మెట్లెక్కి నేరము ఒప్పుకుంటాడు.

నేను ఎన్నిసార్లు చదివినా ఇక్కడ ఆగిపోతాను. ఒప్పుకొమ్మని చెప్పినది ఆమె. చెప్పి ఇంటికి పోలేదు, వెంట వచ్చింది. ఎనిమిదేండ్ల కఠిన శిక్షతో అతనిని సైబీరియాకు పంపితే అక్కడికీ వెళ్లింది. అక్కడ అతనికి మతబోధ చేసి విసిగించలేదు. అడిగినప్పుడే తన క్రొత్త నిబంధన ఇచ్చింది. ప్రసంగాలు చేసే మనము ఇది గమనించాలి.

దొస్తొయేవ్‌స్కీకి ఇది ఊహ మాత్రమే కాదు. 1849లో మరణశిక్ష పడి, కాల్చే స్థలములోనే అది రద్దయి, సైబీరియాకు పంపబడ్డాడు. దారిలో తొబోల్స్క్ పట్టణములో కొందరు స్త్రీలు ఆయనకు క్రొత్త నిబంధన ఇచ్చారు. వారు 1825 తిరుగుబాటులో శిక్షపడిన భర్తల వెంట ఏండ్ల క్రితమే సైబీరియాకు తరలి వచ్చినవారు. నాలుగేండ్ల చెరలో ఆ పుస్తకము ఆయన తలగడ క్రింద ఉండేది. 1881లో చనిపోయిన దినమున కూడా దానినే తెరిపించుకున్నాడు.

రష్యా మన తెలుగు బాప్తిస్టులకు మరీ పరాయిది కాదు సుమండీ. 1889లో అక్కడినుండి బయలుదేరిన మెన్నోనైటు మిషనెరీ అబ్రహాము ఫ్రీసెన్ గారు అమెరికన్ బాప్తిస్టు మిషనుతో కలిసి నల్లగొండలో మనవారి మధ్య సేవ చేశారు.

ఇక నా సంగతి. ఒక సంఘములో, పేరు వద్దు, కట్టడపు నిధి చూచే యౌవనస్థుడు కొంత సొమ్ము వాడుకున్నాడు. సభ యెదుట ఒప్పుకో బాబూ అని చెప్పినది నేనే. ప్రభుబల్ల ఆదివారము అతడు లేచి ఏడ్చుచు ఒప్పుకున్నాడు. మంచి సాక్ష్యమని అందరమూ అన్నాము. బల్ల నుండి ఆరు నెలలు తొలగించాము. ఆరు నెలలు దాటి రెండేండ్లయినది. ఆ ఇంటి గడప ఎవరూ తొక్కలేదు, నేను కూడా. కుటుంబము ఊరు మారిపోయింది.

గత నెల అతని తల్లి ఫోను చేసింది. “వాడు కొట్టుకు పోతాడు, వస్తాడు. ఇంట్లో ఒక మాట లేదు సార్. మీరు చెప్తేనే కదా వాడు చెప్పింది?” అన్నది. నాకు జవాబు రాలేదు.

ఆ రాత్రి టాల్‌స్టాయ్ వ్రాసిన మరొక నవల జ్ఞాపకము వచ్చింది. 1899లో వచ్చిన దాని పేరుకు అర్థము పునరుత్థానము. టాల్‌స్టాయ్ ప్రభువు శరీరముతో లేచెనని నమ్మలేదు. అక్కడ మనము ఆయనతో ఏకీభవించలేము. అయితే మనిషి మనస్సాక్షిని అంతగా విప్పి చూపినవారు అరుదు. నెఖ్లుదోవ్ అనే జమీందారు కోర్టులో జూరీగా కూర్చుంటాడు. హత్యానేరము మీద బోనులో నిలబడిన కత్యూషా, ఒకప్పుడు తాను చెరిపి విడిచిపెట్టిన పిల్లే. తీర్పులో వ్రాయవలసిన ఒక్క మాట జూరీవారు మరచినందున ఆమెకు సైబీరియా పడుతుంది. అతడు ఆమె వెంట వెళ్తాడు. ఆమె సంతోషించదు, నన్ను అడ్డు పెట్టుకొని నీ ఆత్మను రక్షించుకోజూస్తున్నావా అని కోపగిస్తుంది. ఆ కోపము న్యాయమే. ఆ నవల మీద వచ్చిన సొమ్మును టాల్‌స్టాయ్, రష్యాలో హింసింపబడిన దుఖొబోర్ విశ్వాసులు కెనడాకు తరలిపోవడానికి ఇచ్చాడు.

జూరీలో కూర్చున్నవాడే దోషి. నేను ఎందుకు నిద్రపోలేదో ఇప్పుడు చెప్పాలి. ఆ నిధి లెక్కల మీద రెండవ సంతకము నాది. మూడు నెలలకొకసారి చూడవలసిన పుస్తకమును చూడకుండానే, ఆరాధన ముగిసిన తరువాత నిలబడి సంతకాలు పెట్టాను. ఇరవై మూడేండ్ల పిల్లవాని చేతికి అంత సొమ్ము ఇచ్చి అడిగినవాడు లేడు. అతడు సభలో ఒప్పుకున్న దినమున నేను వేదిక మీద కూర్చుని ఉన్నాను. నా సంతకము సంగతి ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

ఇప్పుడు కమిటీవారికి వ్రాసి ఇచ్చాను. పెద్దరికములో నన్ను ఉంచుతారో తీస్తారో వారి చిత్తము. ఆ యౌవనస్థుని మరల బల్లకు చేర్చుకొనే విషయము వచ్చే సభలో ఉన్నది. కొందరు ఇంకా సొమ్ము మిగిలి ఉన్నదంటున్నారు. అందులో నా వంతు ఎంతో లెక్క కడుతున్నాను.

ఈ ఆదివారము ఆరాధన తరువాత కడంబత్తూరు స్టేషనులో అరక్కోణము వైపు బండి కొరకు ఉంటాను. అతడు నన్ను లోపలికి రమ్మంటాడో లేదో తెలియదు. రమ్మనకపోతే కాసేపు గేటు దగ్గర నిలబడి వస్తాను. తోడు రాదలచినవారు టికెట్టు తీసుకొని రండి.