దండధరుని జవాబుదారీతనం

శిక్షించే అధికారం గలవాడే తప్పు చేసినప్పుడు దానిని విచారించవలసినది ఎవరు అన్న ప్రశ్న భారతీయ ధర్మచింతనకు కొత్తది కాదు. దండం, అంటే రాజ్యానికి గల శిక్షాధికారం, లేనిచోట బలవంతుడు బలహీనుణ్ణి మింగే మాత్స్యన్యాయం ప్రబలుతుందని ప్రాచీన రాజనీతి బోధించింది. మనుస్మృతి ఏడవ అధ్యాయం ఆ దండాన్ని ప్రజారక్షకంగా కీర్తిస్తూనే, ధర్మం తప్పిన రాజును అదే దండం బంధువులతో సహా నశింపజేస్తుందని హెచ్చరించింది. దండం పట్టినవాడు దానికి అతీతుడు కాడన్నదే ఆ హెచ్చరిక సారం.

బెజవాడ ఇంద్రకీలాద్రి ఐతిహ్యంలో ఈ తత్త్వం కథారూపం దాల్చింది. చింతచిగురు అమ్ముకునే పేదరాలి బిడ్డ రాకుమారుని రథం కింద పడి మరణించగా, మాధవవర్మ మహారాజు కన్నకొడుక్కే మరణదండన విధించాడనీ, ఆ ధర్మనిష్ఠకు మెచ్చి దుర్గమ్మ కనకవర్షం కురిపించిందనీ చెబుతారు. రాజు నిష్ఠను కొనియాడే వారు సాధారణంగా గమనించని విషయం ఒకటుంది: ఆ తల్లి తన గోడును రాకుమారునికే విన్నవించుకోవలసిన దుస్థితి రాలేదు. అయితే విన్నవాడు నిందితుని తండ్రే కనుక, న్యాయమంతా ఒక్క మనిషి అంతరాత్మపైనే ఆధారపడింది. అటువంటి రాజు లేని కాలంలో పేదరాలికి దిక్కెవరన్న ప్రశ్నకు ఆ కథ సమాధానం చెప్పదు.

చరిత్రలో ఆ ప్రశ్న తప్పించుకోలేనిదైంది. కృష్ణా డెల్టా మద్రాసు రాజధానిలో ఉన్న కాలంలో తహశీలుదారు చేతిలోనే శిస్తు వసూలు, పోలీసు అధికారం రెండూ ఉండేవి. శిస్తు కోసం రైతులను హింసిస్తున్నారన్న ఆరోపణలను విచారించిన కమిషన్ 1855 నాటి నివేదికలో ఆ హింస నిజమేననీ, బాధితులకు న్యాయం దొరకడం కష్టంగా ఉందనీ తేల్చింది. 1859 చట్టంతో పోలీసు శాఖ రెవెన్యూ నుంచి వేరుపడింది గాని, పోలీసుపై ఫిర్యాదును పోలీసు శాఖే వినే పద్ధతి మాత్రం మిగిలిపోయింది.

ఆ పద్ధతి ఎంత ప్రమాదకరమో విజయవాడ శివారు ఇబ్రహీంపట్నం హాస్టల్‌లో 2007 డిసెంబరులో జరిగిన విద్యార్థిని హత్య కేసు చూపింది. పోలీసులు నిందితుడిగా నిలబెట్టిన యువకుడు అసలు దోషి కాడని మృతురాలి తల్లిదండ్రులే చెబుతూ వచ్చినా, 2010లో అతనికి శిక్ష పడింది. 2017 మార్చి 31న హైకోర్టు అతణ్ణి నిర్దోషిగా ప్రకటించి, దర్యాప్తు చేసిన పోలీసులపై చర్యలకు ఆదేశించే నాటికి అతని యౌవనం జైలులోనే గడిచిపోయింది. కన్నవారి మాటను సకాలంలో ఆలకించే స్వతంత్ర వ్యవస్థ ఉండి ఉంటే ఒక కుటుంబానికి సత్యం, మరొక కుటుంబానికి బిడ్డ ఇంతగా దూరమయ్యేవి కావేమో.

అటువంటి వ్యవస్థనే 2006 సెప్టెంబరు 22న ప్రకాశ్ సింగ్ కేసు తీర్పులో సుప్రీంకోర్టు నిర్దేశించింది. పోలీసు ఫిర్యాదుల ప్రాధికార సంస్థ, అంటే పోలీసులపై వచ్చే ఆరోపణలను శాఖకు వెలుపల విచారించే సంస్థ, రాష్ట్రస్థాయిలోనూ జిల్లాస్థాయిలోనూ విశ్రాంత న్యాయమూర్తుల అధ్యక్షతన ఏర్పడాలని ఆదేశించింది. స్టేషన్ అధికారికి కనీసం రెండేళ్ల పదవీకాలం ఉండాలని కూడా అదే తీర్పు చెప్పింది. రాజకీయ ఒత్తిడికి తలవంచని అధికారిని కాపాడడం, తప్పు చేసినవాణ్ణి ప్రశ్నించడం ఒకే ధర్మానికి రెండు ముఖాలని దీని అర్థం.

కనుక ఫిర్యాదును పోలీసులపై శత్రుత్వంగా భావించడం అధర్మం. నిష్పాక్షిక విచారణ అబద్ధపు ఆరోపణ నుంచి నిజాయితీ గల కానిస్టేబుల్‌ను కాపాడుతుంది, కిరాతకుణ్ణి యూనిఫాం చాటు నుంచి బయటికి లాగుతుంది. విజయవాడలోని పటమట పోలీసు స్టేషన్ మెట్లెక్కే సామాన్యునికి మాధవవర్మ వంటి మహారాజు ఎదురుపడాలని ప్రార్థించవలసిన అగత్యం ఉండకూడదు. ఎవరు కుర్చీలో ఉన్నా అతని మాట వినక తప్పని వ్యవస్థ ఉండాలి. దానిని నిలబెట్టడం ప్రభుత్వ విధి, నిలబెట్టమని అడగడం పౌరధర్మం.