మూలపడిన సొత్తు ఎవరిది?

బసవ జయంతి సమీపించుచున్నదనగా లింగవంతుల గృహములయందు శుద్ధికార్యము ప్రారంభమగును. గోడలకు సున్నము వేయుదురు. పూజగదిని కడుగుదురు. ఇత్తడి సామగ్రిని చింతపండుతో తోమి ఎండబెట్టుదురు. వాకిట ముగ్గులు తీర్చుదురు. కాని ఇంటి ప్రక్కనో వెనుకనో ఉన్న కారు షెడ్డు తలుపును మాత్రము ఎవ్వరును తెరువరు. "దానిని తరువాత చూతము" అందురు. ఆ తరువాత అనునది కొన్ని గృహములలో ఇరువది ఏండ్లు గడచినను రాదు.

అంతరంగశుద్ధిని, బహిరంగశుద్ధిని బసవేశ్వరుడు విడదీయలేదు. నడవడి శుద్ధమైనచో ఆ రెండును సిద్ధించునని ఆయన బోధ. ఈ దృష్టితో చూచినచో మూసియున్న షెడ్డు చీపురుతో మాత్రమే తీరెడి విషయము కాదు. అందు రెండు ధర్మప్రశ్నలు దాగియున్నవి. తనకు అక్కరలేని వస్తువును దాచియుంచుట దోషమా? అట్టి వస్తువును పరులకిచ్చుట దాసోహమగునా? మొదటి ప్రశ్నకు చాలమంది సులభముగా సమాధానము చెప్పుదురు. రెండవదాని జోలికి పోవువారు తక్కువ.

గన్నవరము ప్రాంతపు గృహములను ఉదాహరణముగా గైకొనవచ్చును. పూర్వము డెల్టా రైతు పెరటిలో బండి సావడి, ఎడ్ల కొట్టము, ధాన్యపు గాదె, గడ్డివామి ఉండెడివి. అచటి ప్రతి వస్తువునకును ఒక పని ఉండెడిది. పని తీరిన వస్తువు వడ్రంగి చేతికో కమ్మరి కొలిమికో పోయి మరియొక రూపమున తిరిగి వచ్చెడిది. అరిగిన కర్రు కొడవలి అయ్యెడిది. విరిగిన కాడి గుంజగా నిలిచెడిది. ట్రాక్టరు వచ్చినది; ఎడ్లు పోయినవి. బండి సావడికి షట్టరు తగిలించి కారు షెడ్డు చేసిరి. కొంతకాలమునకు సామాను షెడ్డులోనికి చేరినది. కారు ఎండలో నిలిచినది.

ఆ షెడ్డులో నేమున్నది? కాలిపోయిన మోటారు, రెక్క విరిగిన ఫ్యాను, పిల్లలు తొక్కి విడిచిన సైకిలు, వారి ఇంటర్మీడియటు పుస్తకముల మూట, పెండ్లికి తెప్పించగా మిగిలిన స్టీలు గిన్నెలు, గోనెసంచుల కట్ట, పురుగుమందు కొట్టెడి పంపు, దాని ప్రక్కనే చీటీ చెరిగిన డబ్బాలు, పాత ఇన్వర్టరు బ్యాటరీ, తాతగారి కుంచము, మామ్మగారి తిరుగలి. పిల్లలు హైదరాబాదునందో అమెరికాయందో స్థిరపడిరి. గన్నవరము విమానాశ్రయమున వారిని సాగనంపి వచ్చిన తలిదండ్రులు ఆ సైకిలును అమ్మజాలరు. అది ఉన్నంతకాలము పిల్లలు ఇంటనే ఉన్నట్లు వారికొక భావన. కావున షెడ్డులో పేరుకొన్నదంతయు లోభమని నిందించుట తగదు. అందు కొంత ప్రేమ, కొంత భయము, కొంత సోమరితనము, కొంత లోభము కలిసియుండును. శుద్ధి చేయబూనినవాడు వస్తువులకంటె ముందుగా వీనిని వేరుపరచుకొనవలెను.

దాచుటలోని దోషమెచటనున్నదో 2024 సెప్టెంబరు నెల తెలియజెప్పినది. ఆ నెల ఒకటవ తేదీన బుడమేరు పొంగి విజయవాడలోని సింగునగరు మున్నగు ప్రాంతములను ముంచినది. మరునాడు ప్రకాశం బ్యారేజీ వద్ద కృష్ణానది 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహముతో పారినది. బసవేశ్వరుడు విద్యనభ్యసించి, కడపట లింగైక్యము చెందిన కూడలసంగమమున మలప్రభను కలుపుకొని వచ్చెడి నది ఇదియే. నీరు తీసిన పిదప అగ్నిమాపక శకటములతో ఇండ్లలోని బురదను కడిగిరి. వీధుల వెంబడి పరుపులు, బీరువాలు, ఫ్రిజ్జులు, పుస్తకములు కుప్పలుగా పడియుండెను.

ఆ కుటుంబములు పోగొట్టుకొన్నది మూలపడిన సొత్తు కాదు. అది వారి నిత్యజీవనమునకు ఆధారము. వారి నష్టమును చూపి వారికే వైరాగ్యము బోధించుట క్రూరత్వమగును. పాఠము నేర్వవలసినవారు నీరు చేరని ఇండ్లవారు. ముంపు ప్రాంతమున నొక వంటగిన్నె కొరకు, ఒక పొడి దుప్పటి కొరకు తల్లులు ఎదురుచూచెడి వేళ, ఇరువది కిలోమీటర్ల దూరమునగల షెడ్లలో అవియే వస్తువులు కట్టిన త్రాళ్లు విప్పకుండ పడియుండుట సంభవమే. ఆ యింటి ఇల్లాలికి దయ లేదనరాదు. ఏ మూటలో నేమున్నదో ఆమెకే తెలియదు. దారి చేసికొని లోపలికి పోవుటకు సందు లేదు. ఈ విధముగా పేరుకొన్న సామాను స్థలమును మాత్రమే గాక, ఆపత్కాలమున ఇచ్చెడి శక్తిని కూడ ఆక్రమించుచున్నది. దాచుటలోని ప్రధానదోషమిదియే.

కల్యాణమున ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ అను దంపతులు ఉండిరి. నేలరాలిన బియ్యపుగింజలను ఏరి తెచ్చి, ఆ బియ్యముతో జంగమదాసోహము సలుపుట వారి కాయకము. ఒకనాడు మారయ్య నిత్యముకంటె అధికముగా బియ్యము తెచ్చెను. వారిని పరీక్షింపగోరి బసవేశ్వరుడే ఎక్కువ గింజలు చల్లించెనని కథ. లక్కమ్మ సంతసింపలేదు. "ఇది మనకు వలసినదానికంటె ఎక్కువ. ఎచటినుండి తెచ్చితివో అచటనే ఉంచి రమ్ము" అను భావముతో భర్తను త్రిప్పిపంపెను. ఈ కథలో గమనింపదగిన అంశమొకటి కలదు. ఆ బియ్యము దొంగసొత్తు కాదు, దాసోహమునకే వినియోగపడెడిది. ఐనను అవసరమును మించినది ఇల్లు చేరుటను ఆమె గడపవద్దనే ఆపివేసెను. నేటి షెడ్డులోని సామానంతయు ఒకనాడు గడపవద్ద ఆపబడని అధికమే.

ఇచట నొక శంక కలుగవచ్చును. పొదుపు గృహస్థుని ధర్మము కదా? నేడు పారవేసినది రేపు కొనవలసివచ్చిన ఏమి చేయవలెను? సమాధానమేమనగా, కాయకమునకు వలసిన పనిముట్టు ఎన్నడును చెత్త కాదు. నులియ చందయ్యకు నారయు, మడివాలు మాచయ్యకు బట్టల మూటయు ఎట్టివో, రైతునకు పారయు పంపును అట్టివి. వానిని తుడిచి, నూనె వేసి, చేతికందునట్లు ఉంచుట శుద్ధియే. పొదుపు చేసినవానికి తనవద్ద ఏమున్నదో తెలియును; అవసరమైన నాడు చీకటిలోనైనను తీసి ఇవ్వగలడు. షెడ్డులో మేకులున్న సంగతి మరచి సంతలో మరల మేకులు కొనువాడు పొదుపరి ఎట్లగును?

రెండవ శంక ఇంతకంటె సున్నితమైనది. తాతగారి కుంచమును, మామ్మగారి తిరుగలిని ఏమి చేయవలెను? అవి పనికి రావు. కాని వానిని విడుచుట పెద్దలను విడుచుటగా తోచును. దీనికి సమాధానము లింగవంతుని వక్షస్థలముననే కలదు. విశ్వమంతయు వ్యాపించిన పరశివుని భక్తుడు అరచేతిలో ఇమిడెడి ఇష్టలింగముగా ధరించి పూజించుచున్నాడు. రూపము చిన్నదైనంతమాత్రమున భక్తి తగ్గుటలేదు. పెద్దల స్మరణకు సైతము షెడ్డంత స్థలము అక్కరలేదు. కుంచమును తోమి నట్టింట నుంచి, దానితో ధాన్యము కొలిచిన తాతగారి కథను మనుమలకు చెప్పినచో స్మరణ నిలుచును. అదే కుంచము ఎలుకల పెంటలో మునిగియుండగా "తాతగారి గుర్తు" అనుట తాతగారికి మర్యాద కాదు. పది వస్తువులలో నొకటి నిలుపుకొని, తక్కిన తొమ్మిదింటిని పనిచేయువారి చేతికిచ్చుట ఉచితము.

ఇక ఇచ్చుటను గూర్చి విచారింపవలెను. షెడ్డు తెరచిన దినమున గృహస్థులకు ఒక్కసారిగా దానబుద్ధి పుట్టుట కద్దు. పిడి లేని కుక్కరును పనిమనిషి చేతికిచ్చి, "తీసుకెళ్లమ్మా, నీకు పనికొస్తుంది" అని ఇల్లాలు పలుకునని అనుకొందురు గాక. ఆమె "అట్లాగేనండీ అమ్మగారూ" అనును. కాదనుటకు ఆమెకు వీలులేదు. నాలుగు దినములు ఇంట ఉంచుకొని, పిదప కాలువగట్టున పారవేయును. పారవేయు శ్రమ ఒక చేతినుండి మరియొక చేతికి మారినది. అంతకుమించి జరిగినదేమియు లేదు. ఇచ్చినామన్న తృప్తి మాత్రము ఆ యింట మిగిలినది.

దాసోహమనగా నేను దాసుడనను భావముతో అర్పించుట. పుచ్చుకొనువాడు శివస్వరూపుడని భక్తుని విశ్వాసము. శివునికి వాడిన పత్రిని అర్పింపని చేయి, శివస్వరూపునకు విరిగిన వస్తువును ఎట్లు అందించును? దాత మనసులో గర్వమునకు సైతము తావుండరాదు. బసవేశ్వరునియందే దానాతిశయము లేశమాత్రము తలయెత్తగా మడివాలు మాచయ్య దానిని హరించెనని ప్రసిద్ధి. మాచయ్య బట్టలుతుకు శరణుడు. మురికిని పోగొట్టుట ఎరిగినవాడే మహాదాతకు సైతము హితము చెప్పగలిగెను.

కావున ఇచ్చెడివాడు కొన్ని నియమములు పాటింపవలెను. సైకిలునకు క్రొత్త ట్యూబు వేయించి, గొలుసునకు నూనె పెట్టి, బడికి నడచిపోవు బాలునకు ఇవ్వవలెను. దుప్పటిని ఉతికి మడతపెట్టి ఇవ్వవలెను. కావలెనా అని ముందు అడుగవలెను, వద్దన్నచో నొచ్చుకొనరాదు. బాగుచేయుటకు వీలులేని ఇనుమును పాతసామాను కొనువానికి అమ్మి, ఆ ద్రవ్యమును దాసోహమునకు వినియోగింపవచ్చును. మఠములకు పంపువారును ఇది గమనింపవలెను. కాలు విరిగిన కుర్చీలు, ఆగిపోయిన గడియారములు మఠపు వసారా చేర్చుట సేవ కాదు. మఠములు కూడ తమ కొట్టుగదులను ఏటికొకసారి తెరచి చూచుకొనుట మేలు. దాతల పేళ్లు చెక్కిన పళ్లెములు దొంతరలుగా మూలనుండగా, ప్రసాదమునకు ఆకులు చాలలేదనుట శోభింపదు.

ఇచ్చుటకును, అమ్ముటకును తగనిది కొంత మిగులును. అందే ఎక్కువ జాగ్రత్త అవసరము. చీటీ చెరిగిన డబ్బాలో ఏ మందున్నదో ఎవరికి తెలియును? ఎండోసల్ఫాను అను పురుగుమందును 2011 మే నెలలో సుప్రీంకోర్టు నిషేధించినది; అట్టి మందు పాత షెడ్లలో నిలిచియుండుట అసంభవము కాదు. బ్యాటరీలో సీసమును ఆమ్లమును, ట్యూబులైటులో పాదరసమును ఉండును. వీనిని కాల్చరాదు; పూడ్చరాదు; ఏలూరు కాలువలో వేయరాదు. ఎగువవారు విడిచినది దిగువవారి కడవలోనికి చేరును. ఇట్టి ప్రమాదకరములను తడిచెత్త, పొడిచెత్తలతో కలుపక వేరుగా అప్పగింపవలెనని 2016లో ప్రకటింపబడిన ఘనవ్యర్థముల నియమములు చెప్పినవి. పాత బ్యాటరీని అమ్మకపుదారునికే తిరిగి ఇవ్వవచ్చును. పారిశుద్ధ్య కార్మికునికి డబ్బా అందించువాడు అందేమున్నదో నోటితో చెప్పి అందింపవలెను. ఆ డబ్బాను తాకెడి చేయి కూడ కాయకము చేయు చేయియే. వాకిళ్లు ఊడ్చుట కాయకముగా గైకొన్న సత్యక్కను శరణులు తమతో సమానముగా గౌరవించిరి. ఆమెను కీర్తించుచు వీధి ఊడ్చువానిని తృణీకరించుట పొసగదు.

ఈ పనిని కూలివారికి అప్పగించి దూరముగా నిలుచుటకంటె, ఇంటివారందరు కలిసి స్వహస్తములతో చేయుట శ్రేష్ఠము. ఉదయమే తలుపులు తెరచి వెలుగు రానీయవలెను. కాళ్లకు బూట్లు తొడిగి, మూటను కర్రతో కదిపి, పిదప చేయి పెట్టవలెను. డెల్టా ప్రాంతమున గోనెసంచుల క్రింద పాములు, తేళ్లు చేరుట సహజము. ఒకే దినమున ముగించు తొందర వలదు. రోజున కొక మూల చాలును. ప్రతి వస్తువును చేతబట్టి, "దీనితో నేడు పని ఉన్నదా? లేనిచో ఎవరికి పని ఉన్నది?" అని ప్రశ్నించుకొనవలెను. తలిదండ్రులు జీవించియుండగా ఈ పని జరిగినచో ఏ వస్తువునకు ఏ కథ ఉన్నదో వారి నోట వినవచ్చును. వారి అనంతరము నాలుగు దినముల సెలవుపై వచ్చిన పిల్లలకు అదంతయు ఇనుపతూకముగానే కనబడును.

శుద్ధియైన షెడ్డులో కారు నిలువవచ్చును. కొంత చోటు ఖాళీగా మిగులవచ్చును. ఆ ఖాళీని చూచి వెంటనే క్రొత్త వస్తువు కొనవలెనను కోరిక పుట్టును. లక్కమ్మ వలె గడపవద్ద నిలిచి దానిని త్రిప్పిపంపవలెను. బసవ జయంతినాడు ఆ చోట చాప పరచి పదిమందికి ప్రసాదము వడ్డించినచో, అంతవరకు సామాను ఆక్రమించిన స్థలము జంగమునకు దక్కినట్లగును.