దేవాలయమున పెండ్లిపూలు

క్రైస్తవ వివాహములకు దేవాలయమును పూలతో అలంకరించుట మనలో సర్వసామాన్యమైన యాచారము. అది తగునా, తగదా యనుట మా ప్రశ్న గాదు. ఆ యలంకారము దేవుని కొఱకా, వధూవరుల కొఱకా, చూడవచ్చిన బంధువుల కొఱకా? దీనికి మనమిచ్చు సమాధానమును బట్టియే వ్యయమునకు హద్దు ఏర్పడును.

తొలి క్రైస్తవులు పూల విషయమున మిక్కిలి జాగరూకులై యుండిరి. క్రీస్తుశకము మూడవ శతాబ్దారంభమున తెర్తుల్లియన్ అను పండితుడు పూలకిరీటధారణమును ఖండించుచు ఒక గ్రంథమునే రచించెను. కంటికిని నాసికకును పూలు సంతోషము కూర్చుటను ఆయన తప్పుపట్టలేదు. నాటి రోములో కిరీటము అన్యదేవతారాధనకు గుర్తై యుండుటయే ఆయన యభ్యంతరము. కాలక్రమమున ఆ యర్థము మాసిపోయి, పూలు దేవాలయములోనికే వచ్చినవి. నేడును రోమను కాథలిక్కు సంఘనియమము పూలను మితముగా, బలిపీఠముపై గాక దాని చుట్టు నుంచుమనుచున్నది. తపస్సుకాలమున, కొన్ని పండుగలు తప్ప, ఆ యలంకారమును మానుమనుచున్నది. పూవు నిషిద్ధము గాదు. మితి మాత్రము విధింపబడినది.

సొలొమోను వైభవము కంటె పొలములోని పువ్వు మిన్న యని మత్తయి సువార్త 6వ అధ్యాయమున క్రీస్తు బోధించెను గదా, పూలకు హద్దేమి యని కొందఱు వాదింతురు. వస్త్రములను గూర్చి చింతింపవలదని చెప్పుటకే ఆయన ఆ పువ్వును చూపెను. అది వెలయిచ్చి కొన్నది గాదు. దానిని సాక్ష్యముగా దెచ్చి, పెండ్లికూతురి తండ్రి అప్పుచేసి కొన్న పూలను సమర్థించుట న్యాయము గాదు.

మెదకులోని మహాదేవాలయమును తలంచుకొందము. 1914లో ఆరంభమై 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన ఆ కట్టడమున, కఱవుచే పీడితులైన జనులు పనిచేసి అన్నము సంపాదించుకొనిరి. క్రీస్తు జననమును, సిలువమరణమును, ఆరోహణమును చూపు రంగుటద్దముల కిటికీలు అందు కలవు. ఆకలిగొన్నవారి చెమటతో లేచిన యిట్టి మందిరమును ధనికుని యొకనాటి ప్రదర్శనశాలగా మార్చుట యుచితమా? నేడు ధనికుని పెండ్లికి తోరణములు, స్తంభములు పూలతో నిండును. వచ్చు వారము అదే మందిరమున కూలివాని కుమార్తె వివాహము జరుగును. వట్టి స్తంభములు అప్పుడామె పేదరికమును చాటును. దేవుని యెదుట ఇరువురును సమానులని చెప్పవలసిన చోటనే ఆ భేదము కనబడుట మాకు బాధ కలిగించుచున్నది.

పూలు మానినచో కడియము మొదలగు చోట్ల పూలతోటలపై బ్రతుకువారి గతి యేమని యడుగవచ్చును. ఇది త్రోసివేయదగిన మాట గాదు. కాని మేము మానుమనుట లేదు. ఒక్క పెండ్లికి బండెడు పూలు కొనుటకంటె, ప్రతి పెండ్లికిని ఒక గంపెడు కొనుట తోటవానికిని మేలే.

కావున ప్రతి సంఘమును ఒక సామాన్యాలంకారమును నిర్ణయించి, ధనికులకును దరిద్రులకును అదే యుంచవలయును. సంఘస్థుల పెరటి బంతులు, చేమంతులు, మల్లెలు ముందుగా వాడి, కొఱతపడినవే కొనవలయును. ఒకేదినమున రెండు పెండ్లిండ్లు జరిగినచో ఆ పూలనే ఇరువురును పంచుకొనవచ్చును. పూలు గ్రుచ్చుటకై 1954 నుండి అమెరికాలో తయారై లోకమంతట వ్యాపించిన ప్లాస్టికు నురుగుదిమ్మలు మట్టిలో కలియవు; వానికి బదులు నీళ్లుపోసిన కుండలు చాలును. పెండ్లి ముగిసినవెంటనే పూలను పెఱికి పాఱవేయక, ఆదివారపు ఆరాధనకు నిలిపి, పిమ్మట వాడనివానిని రోగుల యిండ్లకు పంపవలయును.

ఈ మార్పునకు ధనము అక్కఱలేదు. కలిగినవారు తమ బిడ్డ పెండ్లికి ముందుగా సంఘపెద్దలతో, “పేదవారి కెట్లో మాకును అట్లే” యని చెప్పిన చాలును. ఆ మాట ముందు వారినోటనే రావలయును. లేనివారు చెప్పినచో అది అసూయగా లెక్కింపబడును.