గడప దాటమన్నవాళ్లకే ముందు

2021 మే 12న తెలంగాణలో రెండోసారి లాక్‌డౌన్ పెట్టినప్పుడు, ఆ నెలాఖరు దాకా పొద్దున ఆరు నుంచి పది వరకే జనాన్ని బయటికి రానిచ్చారు. రోజంతా పలచగా పరుచుకోవలసిన రద్దీ ఆ నాలుగు గంటల్లోకి వచ్చి పడింది. సరూర్‌నగర్ రైతుబజారు, కొత్తపేటలోని గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్, దిల్‌సుఖ్‌నగర్ రోడ్ల వెంట తోపుడు బండ్లు, ఎల్బీనగర్ నుంచి వనస్థలిపురం దాకా వీధివీధినా ఉన్న కిరాణా కొట్లు, అన్నిటికీ అదే సమయం. సంచీ పట్టుకుని వచ్చినవాళ్లు కావలసింది కొనుక్కుని పావుగంటలో ఇల్లు చేరేవాళ్లు. తక్కెడ పట్టుకున్నవాళ్లు, బస్తాలు మోసే హమాలీలు నాలుగు గంటలూ ఆ గుంపు ఊపిరి మధ్యే ఉండేవాళ్లు. అప్పటికి దేశంలో టీకాలు మొదలై నాలుగు నెలలు కావస్తోంది. అయినా 45 ఏళ్లు నిండని కూరగాయల వ్యాపారికి ప్రభుత్వ టీకా వరసలో చోటు లేదు. ఇంట్లో కూర్చుని కంప్యూటర్ మీద ఉద్యోగం చేసుకునే 46 ఏళ్ల మనిషికి ఏప్రిల్ 1 నుంచే చోటు ఉంది. తక్కువ సరుకు, ఎక్కువమంది ఆశించేవాళ్లు ఉన్నప్పుడు ఎవరికి ముందు ఇవ్వాలన్నది వైద్యశాస్త్రం ఒక్కటే తేల్చే విషయం కాదు. ఏ వయసుకి ఎంత ముప్పో డాక్టరు చెప్పగలడు. ఎవరికి మనం బాకీ ఉన్నామో చెప్పడం ధర్మవిచారం పని.

వరస మొదలైన తీరు నిజానికి బాగానే ఉంది. 2021 జనవరి 16న సికింద్రాబాద్ గాంధీ ఆసుపత్రిలో తొలి టీకా ఒక పారిశుద్ధ్య కార్మికురాలికి వేశారు. జనంలో నమ్మకం కలిగించడానికి మొదటి సూది తానే వేయించుకుంటానని అప్పటి ఆరోగ్యమంత్రి ఈటల రాజేందర్ అంతకుముందు ప్రకటించారు. రాజకీయ నాయకులు వరస దాటి ముందుకు రాకూడదని కేంద్రం చెప్పాక ఆ మాట విరమించుకున్నారు. ఆసుపత్రి సిబ్బంది తర్వాత ఫిబ్రవరిలో పోలీసులు, మునిసిపల్ పారిశుద్ధ్య సిబ్బంది, రెవెన్యూవాళ్లు. మార్చి 1 నుంచి 60 దాటినవాళ్లు, 45 దాటి జబ్బులున్నవాళ్లు. ఏప్రిల్ నుంచి 45 దాటిన అందరూ. దేశంలో కోవిడ్ మరణాల్లో సుమారు 88 శాతం 45 ఏళ్లు, అంతకు పైబడినవాళ్లవేనని కేంద్ర ఆరోగ్యశాఖ అప్పుడు లెక్క చెప్పింది. ఆ లెక్క ముందు పెట్టుకుంటే వయసుకి పెద్దపీట వేయడంలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. బ్రిటన్ కూడా వయసునే ప్రధానంగా చూసింది. ఇండోనేషియా మాత్రం, పెద్దవాళ్ల మీద తగినంత పరీక్షా ఫలితాలు లేవన్న కారణం ఒకటి, తిరిగే వయసువాళ్లని కాపాడాలన్న కారణం ఇంకొకటి చూపి 18 నుంచి 59 ఏళ్లవాళ్లతో మొదలుపెట్టింది. ఒకే వైరస్, ఒకే కాలం, రెండు వరసలు. దీన్నిబట్టే తెలుస్తుంది, ఇలాంటి జాబితా ఏ దేశంలోనైనా సగం విజ్ఞానం, సగం విలువల నిర్ణయమని.

మే 1 నుంచి ఈ వరసలోకి డబ్బు వచ్చింది. ఉత్పత్తిలో సగం కేంద్రం, మిగతా సగాన్ని చెరి సగంగా రాష్ట్రాలు, ప్రైవేటు ఆసుపత్రులు కొనుక్కోవచ్చన్నారు. ప్రైవేటు ఆసుపత్రులకి కోవిషీల్డ్ డోసు 600 రూపాయలు, కోవాగ్జిన్ 1200 అని కంపెనీలు ధర ప్రకటించాయి. సరుకు చాలక తెలంగాణ ప్రభుత్వ కేంద్రాల్లో 45 లోపువాళ్లకి మే నెలలో మామూలుగా టీకా మొదలు కానేలేదు. పైబడినవాళ్లకి కూడా మొదటి డోసు కొన్నాళ్లు ఆపేశారు. నగరానికి ఉత్తరపు అంచున జీనోమ్ వ్యాలీలో కోవాగ్జిన్ తయారవుతుంటే, తూర్పు అంచున తోపుడు బండి మనిషికి అది భార్యాభర్తలకి రెండేసి డోసుల చొప్పున ఐదు వేల రూపాయలకి తక్కువ కాని వస్తువైంది. తిరుమలలో సర్వదర్శనం క్యూ పక్కనే 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం, ఆ పైన బ్రేక్ దర్శనం చూసీచూసీ మనకి డబ్బు వరస వింతగా తోచదు. కానీ అక్కడ టికెట్టు కొన్నవాడు మిగతావాళ్లని కొన్ని గంటలు ఆలస్యం చేస్తాడు, అంతే. దేవుడు అయిపోడు. మే నెలలో సీసాలో మందు అయిపోయేది. ఒకరు ముందు రావడమంటే ఇంకొకరు ఆ రోజుకి వట్టి చేతులతో పోవడమే. మే 31న సుప్రీంకోర్టులో జస్టిస్ చంద్రచూడ్, జస్టిస్ లావు నాగేశ్వరరావు, జస్టిస్ రవీంద్ర భట్ ధర్మాసనం, 18-44 ఏళ్లవాళ్లు డబ్బు కట్టి వేయించుకోవాలనడం పైకి చూస్తేనే ఏకపక్షంగా, హేతువు లేకుండా ఉందంది. కొవిన్‌లో నమోదైతే తప్ప టీకా లేదనడం సెల్‌ఫోనూ ఇంటర్నెట్టూ లేనివాళ్లని వెలివేయడమేనని కూడా ఎత్తిచూపింది. వారం తిరిగేసరికి కేంద్రం విధానం మార్చుకుంది. ప్రైవేటు పావు వాటా మాత్రం అలాగే ఉండిపోయింది.

సుప్రీంకోర్టు ఆ మాట అనడానికి మూడు రోజుల ముందు, మే 28న, తెలంగాణ ప్రభుత్వం ఒక మంచిపని మొదలుపెట్టింది. గ్యాస్ సిలిండర్లు ఇచ్చేవాళ్లు, రేషన్ డీలర్లు, పెట్రోలు బంకుల్లో పనివాళ్లు, విలేఖరులు, ఆ వెంటనే రైతుబజార్లు, కూరగాయల, పండ్ల, పూల మార్కెట్లలోనివాళ్లు, కిరాణా కొట్లవాళ్లు, క్షురకులు, ఇలా వయసుతో పని లేకుండా ప్రత్యేక కేంద్రాల్లో ఉచితంగా టీకా వేసింది. ఆటో, క్యాబ్ డ్రైవర్లకీ అందింది. నా దృష్టిలో ఆ ఏడాది టీకా విధానాల్లో ఇది న్యాయానికి బాగా దగ్గరగా వచ్చిన నిర్ణయం. తిరకాసు దానికి చెప్పిన కారణంలో ఉంది. వీళ్లు ‘సూపర్ స్ప్రెడర్లు’, రోగం ఎక్కువగా అంటించేవాళ్లు, కాబట్టి వీళ్లకి ముందు వేస్తే మిగతావాళ్లం క్షేమం అన్నారు. ఆ భయానికి బొత్తిగా ఆధారం లేదనను. 2020 మేలో మలక్‌పేట గంజ్‌తో ముడిపడిన కేసులు బయటపడ్డాయి. అదే నెల మొదట్లో వనస్థలిపురంలో ఎనిమిది కాలనీలని కంటైన్‌మెంట్ జోన్లుగా ప్రకటించి దారులు మూసేశారు. మార్కెట్ల ద్వారా రోగం పాకుతుందన్నది ఈ తూర్పు హైదరాబాద్‌కి అనుభవమే. అయితే టీకా చేసే పని ఏమిటో చూడాలి. వేయించుకున్నవాళ్లని చావు నుంచీ ఆసుపత్రి మంచం నుంచీ అది గట్టిగా కాపాడింది. ఇతరులకి అంటకుండా ఆపడంలో అంత గట్టిది కాదు. డెల్టా రకం మీద ఒక్క డోసు రోగలక్షణాలని ఆపగలిగింది 33 శాతమేనని ఇంగ్లండ్ ప్రజారోగ్య సంస్థ సరిగ్గా ఆ మే నెలలోనే వెల్లడించింది. అంటే కొనుగోలుదారుని కాపాడడానికి దుకాణదారుకి సూది వేయాలన్న వాదన బలహీనమైన కాలు మీద నిలబడింది. దుకాణదారుని కాపాడడానికే దుకాణదారుకి వేయాలన్న వాదనకి ఆ ఇబ్బంది లేదు.

కారణం ఏదైతేనేం, సూది పడింది కదా అనవచ్చు. అలా వదిలేయడానికి లేదు, ఎందుకంటే కారణాన్నిబట్టే రేపటి వరస తయారవుతుంది. భయం కారణమైతే, భయం తగ్గగానే ఆ మనిషి జాబితాలోంచి పోతాడు. అంతకంటే సులువైన దారి కనిపిస్తే, అంటే బండి ఎత్తేయడం, మార్కెట్ మూసేయడం కనిపిస్తే, టీకా మానేసి ఆ దారే పడతాం. బాకీ కారణమైతే అది తీరేదాకా పోదు. ఋణం అనే ఆలోచన మన సంప్రదాయంలో అప్పుపత్రం దగ్గర ఆగలేదు. మనిషి పుడుతూనే దేవతలకీ ఋషులకీ పితరులకీ ఋణపడి పుడతాడని వేదం అంటే, సాటి మనుషుల ఋణాన్ని కూడా ఆ వరసలో చేర్చింది శతపథ బ్రాహ్మణం. తాను అడక్కపోయినా, సంతకం పెట్టకపోయినా, ఇతరుల వల్ల బతుకుతున్నందుకే ఆ బాకీ. దిల్‌సుఖ్‌నగర్‌కి ఆనుకునే ఉన్న మలక్‌పేట, సైదాబాద్ ముస్లింలకి తెలిసిన ఫర్జె కిఫాయా కూడా ఇంచుమించు ఇలాంటిదే. జనాజా నమాజు లాంటి కొన్ని విధులు సమాజం మొత్తం మీద ఉంటాయి. కొందరు ముందుకొచ్చి నెరవేరిస్తే మిగతావాళ్ల మీద నుంచి భారం దిగిపోతుంది. ఎవరూ రాకపోతే అందరూ దోషులే. ఊరికి తిండి అందించడం అలాంటి విధి అనుకుంటే, ఆ నాలుగు గంటలు తక్కెడ పట్టినవాళ్లు అందరి వంతూ తామే మోశారు. మిగిలినవాళ్లం ఇంట్లో ఉండి క్షేమంగా ఉన్నామంటే వాళ్లు బయట ఉండబట్టే.

వాళ్లు ఊరికే రాలేదు కదా, లాభానికి వచ్చారు కదా అని ఒక అభ్యంతరం. వంకాయల ధరలో వంకాయల ఖరీదు ఉంటుంది. ఊపిరితిత్తుల ముప్పుకి అందులో రూపాయి లేదు. పైగా ఇష్టపడి రావడం అంటే రాకుండా ఉండే వీలు కూడా ఉండాలి. రోజు గడవడానికి రోజూ బండి తియ్యాల్సిన మనిషికి ఆ వీలు లేదు. జీతం తీసుకునే డాక్టరుకి ముందు వేశాం. జీతం తీసుకుంటున్నాడు కాబట్టి బాకీ లేదని ఎవరూ అనలేదు. మరి తక్కెడ దగ్గరే ఆ లెక్క ఎందుకు గుర్తొచ్చింది?

ఇంతకంటే బరువైన అభ్యంతరం పెద్దవాళ్ల తరఫునుంచి వస్తుంది. 30 ఏళ్ల వ్యాపారికి ఒక డోసు ఇస్తే 70 ఏళ్ల ముసలమ్మకి ఒకటి తగ్గుతుంది. ఆమె చనిపోయే అవకాశం ఎన్నో రెట్లు ఎక్కువ. నిజమే. అందుకే 60 దాటినవాళ్ల కంటే ముందు వ్యాపారిని నిలబెట్టాలని నేననను. ప్రాణం పోయే ముప్పు అంత తేడాగా ఉన్నచోట బాకీ కాస్త ఆగాలి. కానీ 46కీ 40కీ మధ్య రోగం చంపే అవకాశంలో తేడా కొద్ది. రోజుకి ఒక్కరినీ కలవకుండా గడిపే మనిషికీ, వందలమందిని ఎదురుగా పెట్టుకునే మనిషికీ రోగం సోకే అవకాశంలో తేడా ఎంతో. వయసు ఒక్కటే కొలిచే కర్రకి ఈ రెండోది అందదు. వయసుకున్న గొప్ప సుగుణం ఏమిటంటే ఆధార్ కార్డు మీద కనిపిస్తుంది, దొంగలెక్కకి చోటు తక్కువ. వృత్తి జాబితా అంటే పైరవీ, దొంగ టోకెన్లు, తెలిసినవాళ్ల పేర్లు. ఈ భయం నాకూ ఉంది. అంతకంటే పెద్ద లోపం ఇంకొకటి: జాబితా శాఖల చేతిలో ఉంటే, ఏ శాఖా గుర్తించనివాళ్లు జారిపోతారు. రేషన్ డీలరుకి పౌరసరఫరాల శాఖ ఉంది, కొట్టుకి లైసెన్సు ఉంది. అపార్ట్‌మెంట్లలో అంట్లు తోమే మనిషికి లైసెన్సు ఇచ్చే కార్యాలయం లేదు. ఇది జాబితాని విశాలం చేయాల్సిన కారణం, మానేయాల్సిన కారణం కాదు. ఆ ఏడాది ఆగస్టు 23 నుంచి సంచార వాహనాలు కాలనీలకే వెళ్లి, అడిగినవాళ్లకల్లా వేశాయి. వృత్తి కాగితం అడక్కుండానే పని జరిగింది. డోసులు సరిపడా ఉన్నప్పుడు చేయగలిగిన ఆ పనిని, డోసులు తక్కువగా ఉన్నప్పుడు మార్కెట్ గేటు దగ్గర చేసి ఉండవచ్చు.

పక్షపాతం లేకుండా ఉండాలంటే చీటీలు తీయడమే మేలు అనేవాళ్లూ ఉన్నారు. వాళ్లకి అరణ్యపర్వంలోని యక్షప్రశ్నలు గుర్తుచేయాలి. నలుగురు తమ్ముళ్లూ పడి ఉండగా ఒక్కణ్ని బతికిస్తానని యక్షుడు అన్నాడు. ధర్మరాజు చీటీ వేయలేదు. పదివేల ఏనుగుల బలమున్న భీముణ్నీ, రాజ్యం గెలిచిపెట్టగల అర్జునుణ్నీ కాదని నకులుణ్ని అడిగాడు. కుంతికి తానున్నాడు, మాద్రికి ఎవరూ మిగలలేదు కాబట్టి. ఉపయోగం కొలిచి ఉంటే నకులుడి వంతు వచ్చేది కాదు. చీటీ వేసి ఉంటే మాద్రి సంగతి లెక్కలోకే వచ్చేది కాదు. సమంగా చూడడమంటే ఎవరికి ఇప్పటికే ఏం మిగిలి ఉందో చూడడమని ఆ ఎంపిక చెబుతోంది. మే నెల హైదరాబాద్‌లో ఒకరికి తలుపు, జీతం, ఇంటికి సరుకులు, డబ్బు కడితే దొరికే టీకా ఉన్నాయి. ఇంకొకరికి వీటిలో ఒక్కటీ లేదు. ఆ రెండో మనిషి వెనక ఒక ఇల్లు ఉందన్నది కూడా మరిచిపోవద్దు. కథలో యక్షుడు మెచ్చి నలుగురినీ బతికించాడు. టీకా కేంద్రంలో ఆ సౌకర్యం ఉండదు, అందుకే ఎంపిక సరిగ్గా చేయాల్సిన అవసరం మనకి ధర్మరాజు కంటే ఎక్కువ.

కాబట్టి వచ్చేసారికి నియమం ఇప్పుడే రాసుకోవచ్చు. ఏ లాక్‌డౌన్ ఉత్తర్వులోనైనా మినహాయింపుల జాబితా ఒకటి ఉంటుంది: పాలు, కూరగాయలు, మందులు, గ్యాస్, పెట్రోలు, చెత్త. ప్రభుత్వం తన సంతకంతో గడప దాటమన్న మనుషుల జాబితా అది. 2020 మార్చి నుంచే అది మన దగ్గర ఉంది. టీకా వరస రాసేటప్పుడు దాన్ని తీసి చూసి ఉంటే మే 28 దాకా ఆగాల్సిన పని ఉండేది కాదు. వైద్య సిబ్బంది, 60 దాటినవాళ్లు అయ్యాక, 45 నిండినవాళ్లకంటే ముందు, ఆ మినహాయింపుల జాబితాలోనివాళ్లకి ఉచితంగా, మార్కెట్ దగ్గరే, ఫోను నమోదు లేకుండా టీకా వేయాలి. రాష్ట్ర ఆరోగ్యశాఖ, నగరపాలక సంస్థ ఈ ఒక్క వాక్యాన్ని తమ మహమ్మారి ప్రణాళికలో చేర్చాలి. ఆ టీకా జాబితాలో ఇళ్లలో పనిచేసేవాళ్ల పేరు మొదటి వరసలోనే ఉండాలి.