మందలోనుండి వేరుపడిన మాట



ఇంగ్లీషు పత్రికలలోను కోర్టు తీర్పులలోను ‘ఎగ్రీజియస్’ అను మాట కనబడుచుండును. కాలేజీలో చదువు మన సంఘపు పిల్లలు దాని భావమేమని మమ్మును అడుగుచున్నారు. ‘చెడ్డది’ అని చెప్పిన చాలదు. చూచినవారెవ్వరును కాదనలేనంత కొట్టవచ్చినట్లు చెడ్డది అని దాని అర్థము. చిన్న పొరపాటునకు దానిని వాడరు. ఘోరమైన అన్యాయము, పచ్చి అబద్ధము వంటివాటికే అది తగును.

ఈ మాట పుట్టుక పట్నపు పండితులకంటె గొఱ్ఱెలను ఎరిగిన మనకే బాగుగా తెలియును. లాటిను భాషలో ‘గ్రెక్స్’ అనగా మంద. మందలోనుండి వేరుగా కనబడునది అని ఈ మాటకు మూలార్థము. గొల్లవాడు నూరింటిలో మంచి పొట్టేలును వ్రేలితో చూపును గదా, అట్టిది. కనుక మొదట అది పొగడ్తయే. 16వ శతాబ్దములో ఇంగ్లీషులోనికి వచ్చినప్పుడు ‘శ్రేష్ఠమైన’ అను అర్థముండెను. ఆ శతాబ్దము ముగియకమునుపే నిందగాను వాడసాగిరి. వెక్కిరింపుగా పొగడి పొగడి అట్లు చేసిరి కాబోలు. ఇటలీవారు మాత్రము నేటికిని ఉత్తరములలో పెద్దమనుష్యులను ‘ఎగ్రేజియో’ అని మర్యాదగా సంబోధింతురు. సంఘమునకు ఇంగ్లీషులో చెప్పు ‘కాంగ్రిగేషన్’ కూడ ఆ ‘గ్రెక్స్’ బిడ్డయే: మందగా కూడినవారు.

ఇక్కడనే మాకు చిక్కు కలుగుచున్నది. మందలో వేరుగా కనబడు చెడుగునకు ఈ మాట చెల్లును. మరి మంద అంతయు కలిసి చేయు చెడుగునకో? సారా త్రాగి గుడి గుమ్మమున పడినవానిని పెద్దలు పిలిపించి, ప్రభురాత్రి భోజనమునకు రాకుండ ఆపుదురు. ఆపవలసినదే. కాని కట్నమును నిషేధించు చట్టము 1961లోనే వచ్చినది. కట్నము పుచ్చుకొన్నందుకు బల్లయొద్దనుండి ఆపబడినవానిని మీలో ఎందరు చూచిరి? పెద్దలే నడుమ కూర్చుండి బేరము కుదుర్తురు, పాదిరిగారు ప్రార్థన చేయుదురు, ఉన్న అరయెకరము అమ్ముకొన్న తండ్రి వెనుక వరుసలో చేతులు కట్టుకొని నిలుచుండును. ఎవరికిని అది వింతగా తోచదు.

లూకా 15వ అధ్యాయములో తప్పిపోయినది ఒక్క గొఱ్ఱె. ఆ ఉపమానము మనకు మిక్కిలి ఇష్టము, ఏలయనగా తొంబదితొమ్మిదిలో మనమున్నామని ధైర్యము. సణుగుచు దానిని వినిన పరిసయ్యులకును అదే ధైర్యము. యెషయా 53వ అధ్యాయములోనో, త్రోవ తప్పినది మంద అంతయు.

ఆ పిల్లలలో ఒకడు, “అయ్యగారూ, మా అన్న పెండ్లిలో తీసికొన్న కట్నమును ఈ మాటతో పిలువవచ్చునా?” అని అడిగెను. మాట పుట్టుకనుబట్టి పిలువరాదు నాయనా, ఊరంతయు తీసికొనుచున్నది గనుక, అంటిమి. అయితే ఇంగ్లీషు బైబిలులో ‘వికెడ్’ అను పాతమాట యొకటి యున్నది. తెలుగులో దుష్టత్వము అందుము. దానికి మందతో పని లేదు.