అర్సుకునుడు

ఎనిమిదో తరగతి చదివే ఒక పిల్ల ఆటో ఎక్కడం మానేసింది. మూడు కిలోమీటర్ల అవతలి ఊరి నుంచి నడిచి వస్తోంది. రోజూ బడికి వస్తూనే ఉంది కాబట్టి హాజరు పట్టీకి ఆ సంగతి తెలియదు. మా టీచర్లకు తెలియలేదు, నాకూ తెలియలేదు. మధ్యాహ్న భోజనం వండే అక్క కనిపెట్టింది.

“పెద్దసారూ, ఆ పోరి గంట కొట్టకముందే వచ్చి నా పొయ్యికాడ కూసుంటున్నది. ఆటో ఎందుకు ఎక్కుతలేవే అంటే తల వంచుకుంటున్నది. మీరు జర అర్సుకోవాలె” అంది.

నిర్మల్ జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూలుకు నేను అప్పుడు హెడ్మాస్టర్ని. “చూద్దాం” అన్నాను. నిజమో కాదో తేలకుండా ఎట్లా మాట్లాడతాం అనుకున్నాను. ఊళ్లో తెలిసిన పెద్దమనిషిని పిలిచి చెవిలో వేశాను. బడి పేరు బయటికి పోవద్దని, పిల్ల పేరు బయటికి పోవద్దని. రెండు పేర్లూ కలిపే అనుకున్నాను గానీ, నా మనసులో ముందున్నది బడి పేరే. రెండో రోజు సాయంత్రానికి ఆటో నడిపేవాడికి కబురు అందింది. పిల్ల ఇంటికి నలుగురు వెళ్లి “ఊకోండి” అని చెప్పొచ్చారు. మూడో రోజు పొద్దున పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేశాను. ఆ తర్వాత జరిగింది ఆ పిల్లకు సంబంధించినది, నేను చెప్పకూడదు. ఆ రెండు రోజులు మాత్రం నావి.

2012 నవంబరు 14 నుంచి పోక్సో చట్టం అమల్లో ఉంది. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగబోతోందన్న భయం కలిగినా పోలీసులకు చెప్పి తీరాలని 19వ సెక్షన్ అంటుంది. మంచి మనసుతో చెప్పినవాడి మీద ఏ బాధ్యతా పడదని కూడా అక్కడే ఉంది. చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు. తన కింద పనిచేసేవాడి నేరాన్ని కప్పిన సంస్థ పెద్దకైతే ఏడాది దాకా. నేను ఇవన్నీ ట్రైనింగుల్లో విన్నవాణ్నే, సంతకం పెట్టి టీ తాగి వచ్చినవాణ్నే. జైలు మాట గుర్తుంది. అసలు మాట గుర్తుండలేదు. తేల్చడం నా పని కాదని ఆ చట్టం నా భుజం మీది బరువు దించింది. నేనే మళ్లీ ఎత్తుకున్నాను. మనం తేలుద్దామని కూర్చుంటే పిల్లను స్టాఫ్ రూములో ఒకరు, ఇంట్లో ఒకరు, కుల పెద్దలు ఒకరు అడుగుతారు. నాలుగోసారికి పిల్ల గొంతు మూగపోతుంది. అప్పుడు “చూడు, మాట మారుస్తున్నది” అంటాం. పోలీసు యూనిఫాం లేకుండా, పిల్ల ఇంటికో ఆమె కోరిన చోటికో వచ్చి వాంగ్మూలం తీసుకోవాలని చట్టం రాసింది. మాకు ఆ మర్యాద కూడా తోచలేదు.

ఆ పిల్ల నాకు చెప్పలేదని చాలాకాలం బాధపడ్డాను. తర్వాత ఆ బాధ తప్పని అర్థమైంది. బాసర సరస్వతి గుడి మా జిల్లాలోనే ఉంది. వసంత పంచమి నాడు అక్కడ తల్లిదండ్రులు పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని పలక మీద అక్షరం దిద్దిస్తారు. ఆ పిల్లల్ని తెచ్చి మా చేతిలో పెడుతూ చెప్పే మొదటి మాట “సారు చెప్పినట్టు వినాలె.” ప్రేమతోనే అంటారు. కానీ వినడమే తెలిసిన పిల్లకు వద్దనడం ఎప్పుడు నేర్పుతాం? పెద్దవాళ్లను ఎదిరించకూడదని పదేళ్లు నేర్పి, పెద్దవాడు చెయ్యి వేసినప్పుడు అరవమంటే ఎక్కడి నుంచి అరుస్తుంది? 2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో చేసిన అధ్యయనం వెలువడింది. అందులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. ఏదో ఒక రకం లైంగిక వేధింపు ఎదురైందన్నవారు 53 శాతం. వాళ్లలో సగానికి పైగా మగపిల్లలు. ఎక్కువమంది ఎవరికీ చెప్పుకోలేదు. ఆ మగపిల్లల లెక్క దగ్గర నేను ఆగిపోయాను. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఒక్క మగపిల్లవాడి గురించి కూడా అట్లా ఆలోచించలేదు.

ఇంకొకటి, భాష. మా దగ్గర గోండి, లంబాడి, మరాఠీ, ఉర్దూ మాట్లాడే ఇళ్ల నుంచి పిల్లలు వస్తారు. బడిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు. సిగ్గుపడే మాట ఇంటి భాషలోనే ఉంటుంది, దాన్ని బడి భాషలోకి తెచ్చుకునేసరికి దానికి పేరే ఉండదు. తెలుగు పిల్లలకు మాత్రం ఏం పేరు ఇచ్చాం? ఎనిమిదో తరగతిలో కౌమార దశ పాఠం వస్తే “ఇంటికాడ చదువుకోండ్రి” అని పేజీ తిప్పించినవాళ్లం మేమే. మాటే నేర్పకుండా ఫిర్యాదు రాయమని పెట్టె పెట్టాం. అది నా గది ముందే వేలాడేది, తాళంచెవి నా జేబులో. ఏడాదిలో ఒక్క చీటీ పడలేదు. సంతోషించాను కూడా. పెట్టెను ఆడపిల్లల నల్లాల దగ్గరికి మార్చి, తాళంచెవి ఇద్దరు టీచరమ్మల దగ్గర పెట్టాక మొదటి చీటీ మా సిబ్బందిలో ఒకరి మీదే పడింది. ఆ రోజు “చూద్దాం” అనలేదు.

నిర్మల్ పోలీసులు ‘పోలీస్ అక్క’ పేరుతో మహిళా కానిస్టేబుళ్లను బడులకు పంపారని విన్నప్పుడు ఆ పేరు నచ్చింది. పిల్లలు అక్కకే చెప్తారు. మాకు ఆ అక్క పొయ్యికాడ ఎప్పటి నుంచో ఉంది. బడి పెద్ద అంటే అన్నీ తన దగ్గరికే రావాలని అనుకునేవాణ్ని. కానీ పిల్లల సంగతి నీళ్లలాగా పల్లం వైపే పోతుంది. వంటమనిషి దగ్గరికి, ఆయమ్మ దగ్గరికి, బడి ముందర జామకాయలు అమ్మే అవ్వ దగ్గరికి. వాళ్లు నా గదిలోకి చెప్పులు విప్పి వచ్చి, నిలబడే మాట్లాడి వెళ్లేవాళ్లు. ఒక కుర్చీ వేయడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

రిటైరైన రోజు ఛార్జి లిస్టు రాసిచ్చాను. రిజిస్టర్లు, బీరువా తాళాలు, బెంచీలు, గ్లోబు, అన్నీ లెక్కకు వచ్చాయి. కొత్తగా వచ్చిన మేడం సంతకం పెట్టి, “ఇంకేమన్నా ఉన్నాయా సార్?” అని అడిగింది. ఆమెను వెంటబెట్టుకుని వంటశాల దగ్గరికి వెళ్లాను. అక్క ఉల్లిగడ్డలు కోస్తోంది. “పదకొండు గంటలకు రోజూ కాసేపు ఇక్కడ కూసోండి మేడం” అన్నాను. అక్క పీట జరిపింది.